ముఖం కాలిన హీరోయిన్, దూరమైన స్నేహితురాలు: నవలలో మనసు అందాన్ని ఎలా చూపించాలి?

మీ ప్రశ్న, దానితో పెట్టిన మూడు అధ్యాయాలు, మిగతా కథ సారాంశం రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను. ఇది మీ మొదటి నవల. హీరోయిన్‌కి 9 ఏళ్ళప్పుడు పంపు స్టవ్ పేలి ముఖం ఎడమవైపు, మెడ కాలిపోయాయి. ఇప్పుడు ఆమెకి 29 ఏళ్ళు, తెనాలిలో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతోంది. ప్రాణస్నేహితురాలు మూడో అధ్యాయంలోనే క్యాన్సర్‌తో చనిపోతుంది. ఆ స్నేహితురాలి అన్నయ్య హీరో. అతను హీరోయిన్ "మనసు అందం" చూసి ప్రేమిస్తాడు. చివర్లో ప్లాస్టిక్ సర్జరీ, పెళ్ళి. చదివిన నలుగురూ "ఏడుపొచ్చింది కానీ ఆ అమ్మాయి మాకు గుర్తుండట్లేదు" అన్నారు. అంతర సౌందర్యం పాఠకులకి తెలిసేలా ఎలా రాయాలి, సర్జరీ ముగింపు ఉంచాలా తీసేయాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. మీ హీరోయిన్‌ని అందరూ చూసే మనిషిగా కాదు, అందరినీ చూసే మనిషిగా రాయండి. ఇప్పుడు మీ కథలో ప్రతి పేజీలో ఎవరో ఒకరు ఆమె ముఖం వైపు చూస్తున్నారు. జాలిగా చూసేవాళ్ళు, అసహ్యంగా చూసేవాళ్ళు, హీరో అయితే ప్రేమగా. ఆమె ఎవరినీ చూడట్లేదు. అందుకే గుర్తుండట్లేదు. సర్జరీ ముగింపు తీసేయండి. స్నేహితురాలిని మూడో అధ్యాయంలో చంపకండి.

ఇక వివరంగా. నేను 22 ఏళ్ళుగా సీరియల్ నవలల రాతప్రతులు చదివి దిద్దే పనిలో ఉన్నాను. మొదట ఒక వారపత్రికలో, ఈ మధ్య ఫోన్లో వచ్చే సీరియల్స్‌కి. అందవికారం, త్యాగం, మరణం కలిసిన ప్రేమకథలు నా టేబుల్ మీదకి ఎన్ని వచ్చాయో లెక్కే లేదు. ఒక రాతప్రతిలో "బంగారం లాంటి మనసు" అన్న మాట దగ్గర ఎర్ర పెన్సిల్‌తో గీత పెడుతూ పోతే 31 గీతలు తేలాయి. ఆ అమ్మాయి ఆ నవల మొత్తంలో ఒక్క మంచి పని కూడా చేయలేదు. ఏడ్చింది, ఓర్చుకుంది, క్షమించింది. మూడూ ఇంకొకరు చేసినదానికి బదులుగా చేసినవే. తనంతట తాను కదిలి చేసింది ఏదీ లేదు.

మీ అదృష్టం ఏంటంటే, మీ హీరోయిన్ టైలర్. మీకు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గానీ, ఈ కథకి ఇంతకన్నా మంచి వృత్తి దొరకదు. ఊళ్ళో ఆడవాళ్ళ ఒంటి గుట్టు మొత్తం టైలర్‌కి తెలుసు. ఎవరికి కుడి భుజం ఎడమదానికన్నా అర అంగుళం కిందికి ఉంటుందో, ఎవరికి ఆపరేషన్ తర్వాత ఒకవైపు తగ్గిందో, ఎవరు పోయినసారికన్నా రెండు అంగుళాలు చిక్కిపోయారో టేపు చెప్పేస్తుంది. మా వీధిలో కుట్టే ఆవిడ దగ్గర నేను చాలాసేపు కూర్చునేదాన్ని. ఒకరోజు ఒక పెళ్ళికూతురికి కొలతలు తీస్తూ రెండు భుజాల మీదా టేపు పెట్టి చూసింది. ఏమీ అనలేదు. పుస్తకంలో అంకె పక్కన చిన్న చుక్క పెట్టుకుంది. ఆ అమ్మాయి వెళ్ళాక ఆ చుక్కేంటని అడిగాను. "ఒక భుజం దిగింది. ఆ వైపు లోపల కొంచెం గుడ్డ వేసి కుడతా. వేసుకుంటే రెండూ సమానంగా కనిపిస్తాయి. ఆ పిల్లకి తెలియక్కర్లేదు" అంది.

ఆ చుక్క పెట్టండి మీ నవలలో. జీవితమంతా తన మచ్చనే అందరూ చూస్తుంటే, తను మాత్రం ఎదుటివాళ్ళ లోపాన్ని చూసి, వాళ్ళకి కూడా తెలియకుండా కుట్టులో సర్దేస్తుంది. ఇది రాసిన తర్వాత "ఆమె మనసు ఎంత అందమైనదో" అని మీరు ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు. పాఠకురాలే అనుకుంటుంది.

మచ్చని ఒక్కసారి వర్ణించి ఊరుకోకండి. దానితో రోజు ఎలా గడుస్తుందో రాయండి. మీ మొదటి పేజీలో ఆమె అద్దం ముందు నిలబడి తన ముఖం చూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా ఉన్న మచ్చని చూసి ఒక మామూలు మంగళవారం పొద్దున్నే ఎవరూ ఏడవరు. ఆ రోజు కరెంటు ఉందా, ఫాల్ కుట్టే అమ్మాయి వచ్చిందా అని చూసుకుంటారు. మచ్చ గుర్తొచ్చే సమయాలు వేరే ఉంటాయి. లోతుగా కాలి, తొడ నుంచి చర్మం తీసి అతికించిన చోట చెమట గ్రంథులు ఉండవు. మే నెలలో తెనాలిలో మధ్యాహ్నం పూట ఒళ్ళంతా తడిసిపోతున్నా ఆ చెంప మాత్రం పొడిగా ఉంటుంది, ఆ వేడి మిగతా ఒంటి మీద పడుతుంది. ఆ చర్మం పొడిబారి దురద పెడుతుంది. నూనె రాయాలి. ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది. కాలినచోట కనుబొమ్మ మళ్ళీ రాకపోవచ్చు.

ఇంకొకటి ఉంది, ఇది మీ కథకి చాలా ముఖ్యం. ఆమె కాలింది 9 ఏళ్ళ వయసులో. ఆ తర్వాత ఒళ్ళు పెరుగుతుంది, మచ్చ దానితో సమానంగా పెరగదు. మెడ దగ్గర చర్మం బిగుసుకుపోయి తల ఒక పక్కకి లాగేస్తుంది. అందుకే చిన్నప్పుడు కాలిన పిల్లలకి ఎదిగే వయసులో మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు అవసరం కావచ్చు. మీ హీరోయిన్ ఎవరైనా పిలిస్తే మెడ తిప్పదు, ఒళ్ళంతా తిప్పుతుంది. కొత్తవాళ్ళకి అది పొగరులా కనిపిస్తుంది. ఒక్క స్నేహితురాలు మాత్రం ఎప్పుడూ ఆమెకి కుడిపక్కనే నడుస్తుంది, మెడ తిప్పాల్సిన పని లేకుండా. ఎందుకు అలా నడుస్తుందో పుస్తకంలో ఎక్కడా చెప్పకండి. స్నేహితురాలు పోయాక, హీరో మొదటిసారి ఆమెతో కలిసి బజారుకి వెళ్ళినప్పుడు ఎడమపక్కన నడవనివ్వండి. అతను తప్పు పక్కన నడుస్తున్నాడని పాఠకురాలికి తెలుస్తుంది, ఆయనకి తెలియదు. ఆ నాలుగు లైన్లు బాగా పడితే మీ నవలకి అదే ఆయువుపట్టు.

ఇప్పుడు స్నేహితురాలి సంగతి. మీరు ఆమెని రెండు అధ్యాయాలు చూపించి మూడో దానిలో చంపేశారు. చనిపోవడానికే పుట్టిన పాత్రలా ఉంది. ఆమె కోసం ఏడవాలంటే ముందు ఆమెతో విసుగు కూడా రావాలి. నా లెక్క ఎప్పుడూ ఒకటే: 40 భాగాల కథ అయితే 14, 15 దాకా ఆమె బతికి ఉండాలి. ఆమెకి సొంత గొడవలు ఉండాలి. ఒక స్కూటీ కొనుక్కోవాలని చీటీ కట్టడం, అత్తగారితో పేచీ, సినిమా పాట తప్పుగా పాడటం. హీరోయిన్‌ని ఓదార్చడమే పనిగా పెట్టుకున్న మనిషి స్నేహితురాలు కాదు.

ఇద్దరి మధ్యా ఒక గట్టి పోట్లాట కూడా పెట్టండి. నాకైతే ఇలా తోస్తోంది: ఊళ్ళో అందరూ చక్కని చుక్క అనే ఒక పెళ్ళికూతురు జాకెట్లు కుట్టడానికి ఇస్తుంది. ఆ అమ్మాయి షాపులో అద్దం ముందు నిలబడి, వెనకాల నిలబడ్డ మీ హీరోయిన్‌తో "అక్కా, నువ్వు కొంచెం పక్కకి జరుగు, ఫోటోలో పడుతున్నావు" అంటుంది. కావాలని అన్న మాట కాదు. అయినా మీ హీరోయిన్ ఆ జాకెట్లు కావాలనే ఆలస్యం చేస్తుంది. పెళ్ళికి ముందురోజు సాయంత్రం దాకా ముట్టుకోదు. స్నేహితురాలికి అది తెలిసిపోతుంది. "నీ మొహం మీద జాలిపడి ఇన్నాళ్ళూ ఎవరూ నిన్ను తిట్టలేదు, నేను తిడతా" అంటుంది. తిట్టి వెళ్ళిపోదు. రాత్రంతా కూర్చుని తనే హుక్కులు కుడుతుంది, హెమ్మింగ్ చేస్తుంది. ఇద్దరూ మాట్లాడుకోరు. తెల్లారి అయిదింటికి జాకెట్లు వెళ్తాయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ముఖం కాలినంత మాత్రాన ఎవరూ దేవత అయిపోరు. మన కథల్లో అందం లేని అమ్మాయికి మంచితనం ఒక పన్నులాగా వేస్తాం. అందంగా ఉన్న హీరోయిన్ కోపం తెచ్చుకోవచ్చు, అసూయపడొచ్చు, అలగొచ్చు. కాలిన అమ్మాయి మాత్రం అందరినీ క్షమిస్తూ ఉండాలి. అది అన్యాయం. ఆమె ఒక్కసారైనా తప్పు చేసి, దాన్ని తనే దిద్దుకుంటే అప్పుడు ఆమె మనసు ఎలాంటిదో తెలుస్తుంది.

మరణానికి కారణం విషయంలో, దయచేసి క్యాన్సర్ తీసేయండి. ఆ జబ్బు రాయకూడదని కాదు. మీరు రాసిన అధ్యాయంలో జబ్బు పేరు తప్ప ఇంకేమీ లేదు. వర్షాకాలం, డెంగీ పెట్టండి. డెంగీలో చాలామందికి తెలియనిది ఒకటుంది. జ్వరం మండిపోతున్నప్పటికన్నా, మొదలైన 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం తగ్గుముఖం పట్టే సమయంలోనే కొంతమందికి ప్రాణాపాయం వస్తుంది. రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోతుంది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం, కుదురుగా ఉండలేకపోవడం, ఇవన్నీ జ్వరం దిగాక కనిపిస్తాయి. అంటే ఇంట్లో అందరూ "హమ్మయ్య, జ్వరం తగ్గింది" అని ఊపిరి పీల్చుకున్న రోజది. మీ హీరోయిన్‌కి స్నేహితురాలే ఫోన్ చేసి చెప్పాలి: "జ్వరం పోయిందే, రేపు వస్తా, నా ఆకుపచ్చ జాకెట్ రెడీ చెయ్." ఆమె సంతోషంగా మిషన్ ముందు కూర్చుని ఆ జాకెట్‌కి చేతులు జాయింట్ చేస్తూ ఉండాలి. మర్నాడు ఉదయానికి గుంటూరు తీసుకెళ్ళారని కబురు. అంతే చాలు, ఐసీయూ సీన్ అక్కర్లేదు.

ఇక దుఃఖం గురించి. ఇక్కడ నా సొంత సంగతి కొంచెం చెప్పాలి. 16 ఏళ్ళు నా పక్క సీట్లో కూర్చున్న స్నేహితురాలు ఉండేది. మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఉప్మాలోనూ పప్పులోనూ కరివేపాకు ఏరి డబ్బా మూత మీద పెట్టేదాన్ని. ఆమె మాట్లాడుతూనే అవన్నీ తీసుకుని తినేసేది, "జుట్టుకి మంచిదే పిచ్చిదానా" అని. ఆమె పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. శవం దగ్గర కూడా రాలేదు. ఎవరెవరికో ఫోన్లు చేస్తూ, టీలు తెప్పిస్తూ గడిచిపోయింది. ఇరవై రోజుల తర్వాత ఆఫీసులో ఒక్కదాన్నే తిని, చేతులు కడుక్కోవడానికి లేచి చూస్తే మూత మీద కరివేపాకు అలాగే ఉంది. కుళాయి దగ్గర నిలబడి ఎంతసేపు ఏడ్చానో తెలియదు. కూరలో కరివేపాకులా తీసేయడం అంటాం కదా, ఆ మాట ఇప్పటికీ నా నోటితో అనలేను.

మీ నవలలో స్నేహితురాలు పోయాక హీరోయిన్ పదకొండు పేజీలు ఏడ్చింది. ఆ పదకొండు పేజీలూ తీసేసి, అలాంటి ఒక్క వస్తువు వెతకండి. నిజానికి వెతకక్కర్లేదు, మీ షాపులోనే ఉంది. స్నేహితురాలి ఆది జాకెట్. కొలతకని ఇచ్చిన జాకెట్, కవర్లో, పేరు రాసిన చీటీతో బీరువాలో ఉంది. సగం కుట్టిన ఆకుపచ్చ జాకెట్ ఉంది. కొలతల పుస్తకంలో ఆమె పేజీ ఉంది. ఛాతీ 34, నడుము 29, చేతి పొడవు 9. మనిషి లేదు, మనిషి అంకెలు ఉన్నాయి. ఆ పేజీని ఆమె చింపలేదు, తిప్పలేదు. ఎవరైనా కొలతలు ఇవ్వడానికి వస్తే కొత్త పుస్తకం కొంటుంది.

ఇంకో విషయం, దీన్ని ఏ రచయితా పట్టించుకోరు. మన ఆచారాల్లో స్నేహితురాలికి చోటు లేదు. అన్నకి, తమ్ముడికి, భర్తకి మైల ఉంటుంది. పదోరోజు, పెద్దకర్మ, మాసికాలు, సంవత్సరీకం అన్నీ ఉంటాయి. బంధువులు పరామర్శకి వస్తారు. ఇరవై ఏళ్ళ స్నేహానికి మైల లేదు, పరామర్శ లేదు. పెద్దకర్మకి వెళ్తే వడ్డించడానికి సాయం చెయ్యమంటారు. మర్నాడు షాపు తెరవాలి, పెళ్ళిళ్ళ సీజన్. "ఏంటమ్మా కళ్ళు అలా ఉన్నాయి" అంటే "నిద్రలేదండీ" అనాలి. నీ దుఃఖం ఎవరి లెక్కలోనూ లేకపోవడం ఎంత కష్టమో పడినవాళ్ళకి తెలుస్తుంది. ఇది రాయండి. మీ పాఠకుల్లో సగంమందికి ఇలాంటి దుఃఖం ఉంది, వాళ్ళకి దాన్ని చెప్పుకునే చోటు దొరకలేదు.

ప్రేమ ఇక్కడి నుంచే పుడుతుంది. నెల దాటాక అన్నయ్య షాపు మెట్ల మీద నిలబడి, లోపలికి రాకుండా అడుగుతాడు: "మా చెల్లి బట్టలేమైనా ఉండిపోయాయా అండీ?" అతనికి తెలియకుండానే ఆమె దుఃఖాన్ని గుర్తించిన మొదటి మనిషి అతను. ఆమె ఏమంటుంది? ఉన్నాయి అంటే ఇచ్చేయాలి. లేవు అంటే అబద్ధం. నేనైతే ఆమె చేత అబద్ధం ఆడిస్తాను. తర్వాత ఆ అబద్ధం ఆమెని తినేస్తుంది, అతని దగ్గరికి ఆమే వెళ్ళాల్సి వస్తుంది. చూశారా, ఇప్పుడు కదులుతున్నది ఆమె.

పిలుపు గురించి ఒక మాట. మన ఊళ్ళలో స్నేహితురాలి అన్నయ్యని చిన్నప్పటి నుంచీ "అన్నయ్యా" అనే పిలుస్తాం. మీ రెండో అధ్యాయంలో ఆమె కూడా అలాగే పిలిచింది, ఇరవయ్యో అధ్యాయంలో ప్రేమించింది. తెలుగు పాఠకురాలికి అక్కడ గొంతులో ముల్లు అడ్డం పడుతుంది. మొదటి నుంచీ ఆమె అతన్ని ఏమీ పిలవకుండా రాయండి. స్నేహితురాలితో "మీ అన్నయ్య" అంటుంది, అతనితో మాట్లాడాల్సి వస్తే "ఇదిగో", "ఒకసారి చూస్తారా" అంటుంది. అతను "అండీ" అంటాడు. ఎప్పుడో ఒకరోజు వానలో షట్టర్ దించుతుంటే తొందరలో అతని నోట "పట్టుకో" అని వస్తుంది. "పట్టుకోండి" కాదు. ఇద్దరూ విన్నారు, ఇద్దరూ ఏమీ అనలేదు. మన భాషలో ఇంతకన్నా మంచి ప్రేమ ప్రకటన నాకు తెలియదు.

హీరో చేత "నీ ముఖం నాకు కనపడదు, నీ మనసే కనపడుతుంది" అనిపించారు. అది తీసేయండి. వినడానికి బాగుంటుంది గానీ, ముఖం కాలిన మనిషికి అది పొగడ్త కాదు. ముఖం కూడా ఆమే. ఒక సీన్ ఇలా ఆలోచించండి. అతను మొదటిసారి ఆమె ఎడమ చెంప మీద చెయ్యి వేస్తాడు. అతికించిన చర్మానికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు, సగం సగమే తెలుస్తుంది. ఆమె అతని చెయ్యి పట్టుకుని, తీసి, కుడి చెంప మీద పెట్టుకుంటుంది. "ఇక్కడైతే నాకు తెలుస్తుంది" అంటుంది. ఆమె దాచుకోలేదు, అతను కళ్ళు మూసుకోలేదు.

అతనిలో ఆమె ఏం చూసిందో కూడా ఉండాలి. మీ కథలో హీరోకి ఉద్యోగం, ఎత్తు, మంచితనం తప్ప ఏమీ లేవు. చెల్లెలు పోయాక అతను ఒకే రెండు చొక్కాలు మార్చి మార్చి వేసుకుంటున్నాడని, కాలర్ మడత దగ్గర అరిగిపోయి దారాలు లేచాయని ఒక టైలర్ కంటికే కనపడుతుంది. పాతకాలం దర్జీలు అరిగిన కాలర్‌ని విప్పి తిరగేసి కుట్టేవాళ్ళు, చొక్కా ఇంకో రెండేళ్ళు వచ్చేది. ఆమె అది చేసి ఇస్తుంది. కూలి అడిగితే చెప్పదు. అతను ఇంటికెళ్ళి కాలర్ మీద వేలు పెట్టి చూసుకుంటాడు.

ఇప్పుడు సర్జరీ సంగతి. మీరు అలా ముగించడం మీ తప్పు కాదు, మనకి అది చాలా పాత అలవాటు. భాగవతంలో మథుర వీధిలో చందనం ఇచ్చిన కుబ్జ గూని ఏమైంది? కృష్ణుడు ఆమె పాదాలు తొక్కిపట్టి, గడ్డం కింద వేళ్ళు పెట్టి పైకి ఎత్తాడు, గూని పోయి అందగత్తె అయింది. భారతంలో అష్టావక్రుడు ఎనిమిది వంకరల ఒంటితోనే జనకుడి సభలో వంది అనే పండితుణ్ణి వాదంలో గెలిచాడు. అంత గెలిచినవాడికి కూడా చివర్లో సమంగ నదిలో స్నానం, వంకరలు పోవడం తప్పలేదు. మంచితనానికి బహుమతి అందం అని మనకి ఉగ్గుపాలతో పోశారు.

కానీ అదే భారతంలో, అరణ్యపర్వంలో నలుడి కథ ఉంది. కర్కోటకుడు కాటేయడంతో నలుడు వికారరూపుడైన బాహుకుడయ్యాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. దమయంతి తన చెలి కేశినిని పంపి, అతను వండిన మాంసం తెప్పించి రుచి చూసింది. ఆ చేతి వంట ఎవరిదో నాలుకకి తెలిసింది. పిల్లల్ని పంపించింది, వాళ్ళని హత్తుకుని అతను ఏడ్చాడని తెలుసుకుంది. రూపం తిరిగి రావడం ఆ తర్వాత సంగతి. గుర్తుపట్టడం ముందే అయిపోయింది. ప్రేమ, విరహం, చెలిమి మూడూ ఉన్న ఆ కథలో నడిపించేది చూసే ఆడమనిషి. మీకు దారి కావాలంటే అక్కడ ఉంది.

నేను కూడా ఒకసారి ఈ విషయంలో తప్పు చేశాను. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక సీరియల్‌కి రచయిత్రి రాసిన ముగింపు మార్పించి, హీరోయిన్‌కి ఆపరేషన్ చేయించి ముఖం బాగుచేయించాను. పాఠకులు సంతోషిస్తారు అనుకున్నాను. ఒక ఉత్తరం వచ్చింది, చిన్నప్పుడు కాలిన ఒక ఆవిడ రాసింది. స్టూడియోలో పాస్‌పోర్ట్ ఫోటో దిగితే, ఆ అబ్బాయి అడక్కుండానే కంప్యూటర్లో మచ్చ తుడిచేశాడట, మంచి చేస్తున్నాననుకుని. ఆ ఫోటో తీసుకుని ఒక ఆఫీసుకి వెళ్తే "ఇది మీరు కాదు" అన్నారట. "మీరు కూడా మీ సీరియల్లో నన్ను తుడిచేశారు" అని రాసింది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఆ తర్వాత ఏ రాతప్రతిలోనూ నేను మచ్చ తుడవనివ్వలేదు.

పైగా అది నిజం కూడా కాదు. పాత కాలిన మచ్చని ఏ సర్జరీ కూడా పూర్తిగా చెరపలేదు. కొంత మెరుగు చేస్తారు. బిగుసుకున్న మెడని విడదీయడం మాత్రం చాలా ఉపయోగపడే ఆపరేషన్. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక పెద్ద ఆపరేషన్లు పేదవాళ్ళకి కొంత అందుబాటులోకి వచ్చాయి. కాబట్టి మీకు ఆపరేషన్ ఉండి తీరాలంటే మెడకి చేయించండి, కథ మధ్యలో. అందం కోసం కాదు, మిషన్ ముందు ఎనిమిది గంటలు కూర్చుంటే వచ్చే నొప్పి తగ్గడానికి. ఆపరేషన్ తర్వాత ఆమె మొదటిసారి ఎడమవైపుకి తల తిప్పి చూస్తుంది. అటు ఎవరున్నారో మీ ఇష్టం.

మీ ప్రశ్న కింద ఒకరు "యాసిడ్ దాడి పెడితే ఇంకా ఎమోషన్ వస్తుంది" అని సలహా ఇచ్చారు. వద్దు. యాసిడ్ దాడి అయితే అది వేరే నవల. అందులో నేరస్థుడు ఉంటాడు, పోలీసులు, కోర్టు ఉంటాయి. 2013 చట్ట సవరణ తర్వాత ఆ నేరానికి కనీసం పదేళ్ళ శిక్ష ఉంది, 2016 వికలాంగుల హక్కుల చట్టం యాసిడ్ బాధితులని వైకల్యంగా గుర్తించిన 21 వర్గాల్లో చేర్చింది. ఇవన్నీ తెలుసుకుని, ఆ కోపాన్ని భరించి రాయాలి. ఎమోషన్ కోసం వాడుకునే వస్తువు కాదది.

కాలిన గాయాలతో బతికినవాళ్ళతో మాట్లాడి రాయాలనుకుంటే మాట్లాడండి. కానీ "ఎలా జరిగింది" అని మొదలుపెట్టకండి, ఆ ప్రశ్న వాళ్ళు వేలసార్లు విన్నారు. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తారో అడగండి. బస్సులో ఏ సీటు చూసుకుంటారు, ఎండాకాలం ఎలా గడుస్తుంది, కొత్తగా పుట్టిన మేనకోడల్ని ఎత్తుకోమని ఎవరిచ్చారు, ఎవరివ్వలేదు. రాసింది వాళ్ళకి చూపించి, వద్దన్నది తీసేయండి.

ప్రస్తుతానికి 40 అధ్యాయాలూ తిరగరాయాలని టెన్షన్ పడకండి. ముందు మొదటి పేజీ మార్చండి. అద్దం అక్కడే ఉండనివ్వండి, టైలర్ షాపులో అద్దం లేకుండా ఎలా? కానీ దాని ముందు కస్టమర్ నిలబడాలి. మీ హీరోయిన్ ఆమె వెనకాల, నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని, దిగిన భుజం వైపు చూస్తూ ఉండాలి. ఆమె ముఖం గురించి మొదటి అధ్యాయం అయ్యేదాకా ఒక్క మాట రాయకండి. తర్వాత షాపు మెట్ల మీద అన్నయ్య నిలబడ్డ సీన్ రాయండి. ఈ రెండూ అయ్యాక ఇక్కడే పెట్టండి, చదివి చెప్తాను.